వెయ్యి రూపాయల సెన్సర్‌కి ముందు మీరు పరీక్ష పెట్టండి

విరుదునగర్ నుంచి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టి దాకా హైవే పొడుగునా మెకానిక్ షెడ్లకు కొదవ లేదు. అగ్గిపెట్టెల లోడు, శివకాశి టపాసుల లోడు, ఆలంగుళం సిమెంటు లోడు. ఏదో ఒక లారీ బానెట్ ఎత్తి ఉండాల్సిందే. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఇంట్లో తెలుగు, స్కూల్లో తమిళం మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. తమిళ రచయిత కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవల రాసింది వీళ్ల పూర్వీకుల గురించే. ఆ ఇళ్లలో ఐటీఐ, డిప్లొమా ముగించిన పిల్లలకు ఒకటే బెంగ: షెడ్డులో చేరితే మేస్త్రీకి స్పానర్లు అందించడంతోనే ఏళ్లు గడిచిపోతాయేమో అని. గడవకుండా చూసుకోవచ్చు. అయితే అందుకు స్కానర్ వాడటం ఒక్కటే వస్తే చాలదు.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక స్కానర్ లేని షెడ్డు అరుదు. కోడ్ వస్తే సరే. కోడ్ ఏమీ లేదు, బండి మాత్రం లాగడం లేదంటే? టైమింగ్ బెల్టు ఒక పన్ను జారిందా, ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిందా, సైలెన్సర్ మూసుకుపోయిందా అన్నది సిలిండర్ లోపలి ఒత్తిడిని చూస్తే తేలుతుంది. పెట్రోలు ఇంజిన్‌లో అయితే స్పార్క్ ప్లగ్ తీసి, ఆ చోట కంప్రెషన్ గేజ్ హోస్ బిగించి, దాని చివర ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్ (ఒత్తిడి సెన్సర్) తగిలించి, ఆసిలోస్కోప్‌లో గీత చూస్తారు. హోస్‌లో ఉండే చిన్న వాల్వ్ పిన్ను తీసేయడం మరవొద్దు. అది ఉంటే సెన్సర్ దాకా వచ్చిన గాలి వెనక్కి పోదు, గీత ఎక్కిన చోటే ఉండిపోతుంది. ఆ సిలిండర్‌కి పెట్రోలు ఆపాలి, ప్లగ్ వైరును స్పార్క్ టెస్టర్ ద్వారా బాడీకి ఎర్త్ చేయాలి.

ఈ పనికోసమే తయారుచేసిన కంపెనీ కిట్లు కొత్తగా పనిలోకి వచ్చినవాడు కొనే ధరలో ఉండవు. 0 నుంచి 300 పీఎస్ఐ దాకా కొలిచే మామూలు మూడు వైర్ల సెన్సర్ వెయ్యి, రెండు వేలకు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కొనండి. కొన్నరోజే ఇంజిన్‌కి మాత్రం బిగించకండి.

5 వోల్టుల సప్లై ఇస్తే, ఒత్తిడి లేనప్పుడు 0.5 వోల్టు, 300 పీఎస్ఐ దగ్గర 4.5 వోల్టులు రావాలి. అంటే 75కి 1.5, 120కి 2.1. షెడ్డు కంప్రెసర్, నమ్మకమైన గేజ్, మల్టీమీటర్ ఉంటే ఈ రెండు పాయింట్లూ అక్కడే చూడొచ్చు. ఒత్తిడి పెంచుతూ ఒకసారి, తగ్గిస్తూ ఒకసారి రాసుకోండి. రెండుసార్లూ ఒకే అంకె రాకపోతే ఎంత తేడా వచ్చిందో కూడా రాయండి. సప్లై 4.8కి పడిపోతే సున్నా దగ్గర 0.48 వస్తుంది, అది సెన్సర్ తప్పు కాదు. ఆ తర్వాత చేత్తో లాగే వాక్యూమ్ పంపు పెట్టి 20 అంగుళాల (పాదరసం) దాకా లాగండి. వోల్టేజి 0.37 దరిదాపులకు దిగాలి. కొన్ని చవక సెన్సర్లు 0.5 దగ్గరే మొండికేస్తాయి. అలాంటిది కంప్రెషన్ చూడటానికి పనికొస్తుంది కానీ, ఇన్‌టేక్ స్ట్రోక్ గురించి అది చెప్పేదేమీ ఉండదు.

ఇంతవరకు చాలామంది చేస్తారు. అసలు చిక్కు వేగం దగ్గర. సెన్సర్ స్పందించడానికి 2 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. సెల్ఫ్ కొట్టేటప్పుడు, 250 ఆర్‌పీఎంలో, ఆ వ్యవధిలో క్రాంక్ తిరిగేది 3 డిగ్రీలే. 800 ఐడిల్‌లో దాదాపు 10 డిగ్రీలు. 2000లో 24. ఇరవై పళ్ల క్రాంక్ స్ప్రాకెట్ మీద బెల్టు ఒక పన్ను జారితే తేడా 18 డిగ్రీలు. ఇప్పుడు చెప్పండి, 2000 ఆర్‌పీఎంలో గీత చూసి ‘బెల్టు జారింది’ అనేస్తే కస్టమర్ డబ్బు ఏమైపోతుంది?

దీన్ని పట్టుకోవడం తేలికే. స్కోప్ రెండో ఛానెల్‌కి క్రాంక్ సెన్సర్ సిగ్నల్ ఇవ్వండి. అందులో పళ్లు లేని ఖాళీ ఎప్పుడూ ఒకేచోట వస్తుంది. మంట లేని సిలిండర్‌లో ఒత్తిడి శిఖరం నిజానికి పిస్టన్ పైకొసకు చేరే టీడీసీని అంటిపెట్టుకునే ఉంటుంది. ఆర్‌పీఎం పెంచేకొద్దీ ఆ శిఖరం ఖాళీతో పోలిస్తే ఆలస్యం వైపు జరుగుతూ పోతే, అది ఇంజిన్ దోషం కాదు, సెన్సర్, హోస్ కలిసి చేస్తున్న ఆలస్యం. ఎంత జరిగిందో రాసి పెట్టుకుంటే ఆ చవక సెన్సర్‌తోనే నిక్కచ్చిగా పనిచేయొచ్చు.

హోస్ సంగతీ ఒక మాట. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కోటి 300 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 10 అయితే పైన మిగిలే చోటు 33 సీసీ. నాలుగు మిల్లీమీటర్ల రంధ్రం, 30 సెంటీమీటర్ల పొడుగు ఉన్న హోస్ దానికి దాదాపు 4 సీసీ కలుపుతుంది, నిష్పత్తి 9కి దిగుతుంది. శిఖరం తక్కువ వచ్చిందని పిస్టన్ రింగులు మార్చేయకండి.

ఇందులో ఉద్యోగం ఎక్కడుందంటారా? ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడ్ చదివినవారికి డీలర్ వర్క్‌షాపులు, ఫ్లీట్ యజమానుల షెడ్లు ఉన్నాయి. ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ చదివినవారు సిమెంటు ఫ్యాక్టరీల వైపు చూడొచ్చు. ఆలంగుళంలో ప్రభుత్వ రంగ తమిళనాడు సిమెంట్స్, విరుదునగర్ పక్కన ఆర్.ఆర్.నగర్‌లో రామ్‌కో. అక్కడి ప్రెషర్ ట్రాన్స్‌మిటర్లకు చేసే కాలిబ్రేషన్ కూడా ఈ పద్ధతిలోనే నడుస్తుంది, వోల్టులకు బదులు 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు. డిప్లొమా, ఇంజినీరింగ్ వాళ్లకు ఇంకో మెట్టు ఉంది: చెన్నై దగ్గర ఒరగడంలోని జీఏఆర్‌సీ, పుణెలోని ఏఆర్ఏఐ వంటి వాహన పరీక్షా కేంద్రాలు, పాలక్కాడ్‌లో ఫ్లూయిడ్ కంట్రోల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న కాలిబ్రేషన్ ల్యాబులు. నేరుగా ఉద్యోగం దొరక్కపోతే అప్రెంటిస్‌గా వెళ్లండి. స్టైపెండ్ తక్కువే, చేతికొచ్చే పరికరాలు మాత్రం ఖరీదైనవి.

ఇంటర్వ్యూకి సర్టిఫికెట్ల ఫైలుతో పాటు మీ సెన్సర్ రీడింగుల పేజీ ఒకటి పట్టుకెళ్లండి: ఎక్కేటప్పటి అంకెలు, దిగేటప్పటివి, వాక్యూమ్ దగ్గర ఏమైంది, 2000లో శిఖరం ఎన్ని డిగ్రీలు జరిగింది. కోవిల్‌పట్టి నేషనల్ ఇంజినీరింగ్ కాలేజీ వంటి చోట చదువుతున్నవారైతే ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబులో డెడ్ వెయిట్ టెస్టర్ ఉందేమో అడిగి, షెడ్డు కంప్రెసర్ చేరుకోలేని 200 పీఎస్ఐ పైచిలుకు పాయింట్లు అక్కడ పూర్తిచేయండి. దాంట్లో నూనె వాడతారు. సెన్సర్‌ని తిరిగి ఇంజిన్‌కి బిగించేముందు శుభ్రంగా తుడిచి ఆరబెట్టాలి.

లారీల వాళ్లకు చివరగా ఒక జాగ్రత్త. డీజిల్ ఇంజిన్ సెల్ఫ్ మీదే 300 పీఎస్ఐ దాటేస్తుంది, దానికి ఈ సెన్సర్ వద్దు. వెయ్యి పీఎస్ఐది వేరే కొనండి, దాని పరీక్ష కూడా మొదటి నుంచి చేయండి.