పాత పికప్పుకు బలమైన ఇంజను: తీర్మానం రాసే ముందు వేసుకోవలసిన లెక్క

పాల రూటు నడిపే సంఘాల నుండి మాకు తరచు వచ్చే ప్రశ్న ఒకటి వున్నది. "బండి పాతదైంది, లోడుతో ఎత్తు ఎక్కడం లేదు. ఛాసిస్, బాడీ గట్టిగానే వున్నవి. బలమైన ఇంజను ఒకటి బేరానికి వచ్చింది. దానితోబాటు గేరుబాక్సు, యాక్సిళ్లు కూడా మార్చుకోవచ్చునా?" అని. చాలా ఊళ్లకు బల్క్ కూలర్లు, ట్యాంకర్లు వచ్చినా, కూలరు లేని చిన్న పల్లెల నుండి క్యాన్లు మోసుకువచ్చే పని పాత పికప్పుల మీదనే సాగుతున్న చోట్లు వున్నవి. కాబట్టి ఈ పాఠం.

ముందుగా బండి ఎంత లాగాలో చూద్దాము. 40 లీటర్ల క్యాను ఒకటి నిండుగా వుంటే, క్యాను బరువుతో కలిపి సుమారు 50 కిలోలు. 20 క్యాన్లకు 1,000 కిలోలు. ఖాళీ పికప్పు 1,550, డ్రైవరూ క్యాన్లు దించే మనిషీ కలిసి 150. మొత్తం 2,700 కిలోలు అనుకొందాము. పది అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేచే దారిలో ఈ బండిని ఎక్కించాలంటే, బరువులో పదోవంతు, అనగా 270 కిలోల లాగుడు కావాలి. చక్రాలు దొర్లడానికి నూటికి రెండు చొప్పున మరొక 54. మొత్తం 324 కిలోలు. ఇంజను ఏదైనా సరే, ఈ అంకె మారదు. ఇది కొండ అడిగే కూలి.

ఇక ఇంజను ఇచ్చేది. మీటరు పొడుగు కడ్డీ కొసన ఎన్ని కిలోల బరువు వేలాడదీస్తే ఆ ఇరుసు ఆగుతుందో, అది దాని తిప్పుడు బలం. విల్లీస్ తరహా పాత పెట్రోలు ఇంజను, అంటే 2.2 లీటర్ల నాలుగు సిలిండర్లది, కొత్తలో నిముషానికి 2,000 చుట్ల వద్ద సుమారు 16 ఇచ్చేది. ఈ బలాన్ని ముందు గేరుబాక్సు, తరువాత యాక్సిల్‌లోని క్రౌన్ పినియన్ పెంచుతాయి. ఆ తరహా మూడు గేర్ల బాక్సులో మొదటి గేరు 2.8 రెట్లు, రెండో గేరు 1.55 రెట్లు. క్రౌన్‌కు 43 పళ్లు, పినియన్‌కు 8 పళ్లు గనుక అక్కడ 5.38 రెట్లు. దారిలో రాపిడికి నూటికి 15 పోతుంది.

చక్రం వ్యాసార్ధం 35 సెంటీమీటర్లు అనుకుంటే, 324 కిలోల లాగుడుకు చక్రం వద్ద 113 బలం కావాలి. కొత్త ఇంజను రెండో గేరులో ఇచ్చేది సుమారు 113. బొటాబొటి. బోరు అరిగి, వాల్వులు కారి, బలం 12కు పడిపోయిన ఇంజను అదే గేరులో ఇచ్చేది 85 మాత్రమే. మొదటి గేరులో మాత్రం ఆ ముసలి ఇంజనే 150 పైగా ఇస్తుంది. అనగా బండి ఎక్కదు అనే మాట నిజం కాదు. రెండో గేరులో ఎక్కదు, మొదటి గేరులో ఎక్కుతుంది.

అయితే మొదటి గేరులో పోతే ఆలస్యం కాదా? అవుతుంది. ఎంత? 2,000 చుట్ల వద్ద మొదటి గేరులో గంటకు 17 కిలోమీటర్లు, రెండో గేరులో 31 కిలోమీటర్లు. ఎక్కుడు ఆరు కిలోమీటర్లయితే ఒకదానికి 21 నిముషాలు, రెండోదానికి 12 నిముషాల లోపు. తేడా పది నిముషాలు. ఈ పది నిముషాల కోసం ఒక సంఘం ఏమి ఖర్చు పెట్టిందో మేము దగ్గర వుండి చూశాము.

అది 1999. ఘాటు దారిలో వున్న సంఘం. పేరు అవసరం లేదు. నాలుగు చక్రాల డ్రైవు గల పాత పెట్రోలు పికప్పు వారి సొంతం. పెట్రోలు ఖర్చు మోయలేక, ఎత్తు కూడా ఎక్కడం లేదని, చిన్న లారీ నుండి విప్పిన పాత డీజిలు ఇంజను కొన్నారు. దాని తిప్పుడు బలం సుమారు 20. పాలకవర్గం తీర్మానం చేసింది. తనిఖీకి వెళ్లిన మేము కొటేషన్లు మూడు వున్నవా, రసీదులు వున్నవా అని చూసి, సరిగా వున్నందున సంతకం పెట్టాము. గేరుబాక్సు సంగతి ఏమిటని అడగాలని మాకు తోచలేదు.

మొదటి రెండు నెలలు అందరూ సంతోషించారు. బండి రెండో గేరులో ఘాటు ఎక్కింది. మూడో నెలలో రెండో గేరు పళ్లు రాలినాయి. 16 బలానికి చేసిన బాక్సు అది. దాని మీద 20 బలం, అదీ డీజిలు ఇంజను కొట్టే దెబ్బలతో. పెట్రోలు ఇంజను నెట్టినట్టు మెత్తగా తిప్పితే, పాత డీజిలు సుత్తితో కొట్టినట్టు తిప్పుతుంది. పళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

రెండో తీర్మానం: నాలుగు గేర్ల బాక్సు. ఇది పాతదానికంటే పొడుగు. కనుక దాన్ని మోసే అడ్డపట్టీ కోసి వెనక్కు అతికించారు. ప్రొపెల్లర్ షాఫ్టును పొట్టి చేశారు. షాఫ్టు పొట్టిదైతే వాలు పెరుగుతుంది, వాలు పెరిగితే దాని కొసల్లోని క్రాసులు త్వరగా అరుగుతాయి. మేస్త్రీ చెప్పకపోలేదు. "నెలకొకసారి గ్రీజు కొట్టించండి" అన్నాడు. ఎవరూ కొట్టించలేదు.

మూడో కష్టం మైదానంలో వచ్చింది. పెట్రోలు ఇంజను 4,000 చుట్లు తిరిగేది. ఈ డీజిలు 2,500కు మించదు. వెనక 5.38 యాక్సిల్ అలాగే వుంది గనుక, టాపు గేరులో ఎంత తొక్కినా గంటకు 61 కిలోమీటర్లే. అది చాలదా అంటే పాలకు చాలు. డ్రైవరుకు చాలలేదు. బస్సులన్నీ దాటిపోతున్నాయని అతని బాధ. అందుకని స్క్రాపు దుకాణంలో లావుపాటి వెనక యాక్సిల్ ఒకటి చూసి, మూడో తీర్మానంతో అది వేయించారు. 39 పళ్లు, 8 పళ్లు, అంటే 4.88 రెట్లు. వేగం 67కు పెరిగింది. ఘాటు మీద లాగుడు దాదాపు పదోవంతు తగ్గింది. అనగా ఇంజనుతో కొన్న బలంలో కొంత యాక్సిల్ దగ్గర తిరిగి ఇచ్చేశారు.

కానీ అసలు తప్పు అది కాదు. ముందు యాక్సిల్‌ను ముట్టుకోలేదు. ముందు 5.38, వెనక 4.88. మామూలు రోడ్డు మీద వెనక చక్రాలే తిప్పుతాయి కనుక ఏమీ తెలియదు. నాలుగు చక్రాల డ్రైవు వేసినప్పుడు మాత్రం ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకే వేగంతో తిరిగితీరాలి. అలా తిరిగితే వెనక చక్రాలు పది చుట్లు తిరిగేలోపు ముందు చక్రాలు తొమ్మిది చుట్లే తిరుగుతాయి. ఒక ఎద్దు ముందుకు, ఇంకొకటి వెనక్కు లాగిన బండి మాదిరి. నేల మెత్తనైతే చక్రాలు జారి కొంత సర్దుకుంటుంది. గట్టి నేల దొరికిన క్షణాన ఏదో ఒకటి విరగవలసిందే.

శ్రావణంలో ఒక ఉదయం బురద దారిలో డ్రైవరు నాలుగు చక్రాల డ్రైవు వేశాడు. బురద దాటి రాతి నేల మీదికి ఎక్కాడు, తీయడం మరిచాడు. అరిగి వున్న క్రాసు తెగింది, షాఫ్టు ఊగి ట్రాన్స్‌ఫర్ కేసును పగలగొట్టింది. ఇరవై క్యాన్లు, 800 లీటర్లు, ఎండలో నిలిచాయి. వేరే బండి కుదిరి కేంద్రానికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పరీక్ష నాళికలో మరిగించగానే పాలు విరిగినాయి. తీసుకోలేదు.

తరువాత జరిగిన సర్వసభ్య సమావేశానికి మేము వెళ్లాము. అధ్యక్షుడు ఇంజను గురించి, గేరుబాక్సు గురించి చాలాసేపు చెప్పారు. వెనక కూర్చున్న ఒక పెద్దావిడ లేచి, "ఇంజను మీరు మార్చారు, విరిగింది మా పాలు. ఆ పూట డబ్బులు ఎవరిస్తారయ్యా?" అన్నది. అధ్యక్షుడు మా వైపు చూశారు. మూడు తీర్మానాల తనిఖీ నివేదికల కింద వున్నది మా సంతకమే. సభ్యులకు ఆ పూట డబ్బు చివరకు మిగులు నుండి చెల్లించారు. ఆ ఏడు బోనసు లేదు.

ఇంజను మార్చడమే తప్పని మేము అనము. మార్చవలసి వస్తే దాని వెనక వున్నవన్నీ లెక్కలోకి రావాలి. ఇంజను బలం 12 నుండి 20కి పెరిగితే క్లచ్చి ప్లేటు, గేరు పళ్లు, షాఫ్టులు, యాక్సిల్ కడ్డీలు, ప్రతిదాని మీద భారం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. డీజిలు ఇంజను బరువెక్కువ, కనుక ముందు కమాన్లు కుంగి స్టీరింగు బరువెక్కుతుంది. రేడియేటరు పాతదే వుంచితే ఘాటు సగంలో నీళ్లు మరుగుతాయి. యాక్సిల్ నిష్పత్తి మారితే స్పీడు మీటరు కూడా తప్పు చూపే వీలుంది. పై సంఘం బండి మీటరు తక్కువ చూపేది, డ్రైవరు ఇంకా తొక్కేవాడు.

బ్రేకుల మాట వేరుగా చెప్పాలి. ఎక్కడానికి ఇంజను మార్చినవారు దిగడానికి ఏమీ మార్చరు. గంటకు 40 కిలోమీటర్ల నుండి 60కి వేగం పెరిగితే, బండిని ఆపడానికి బ్రేకు డ్రమ్ములు మింగవలసిన వేడి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు. పైగా పెట్రోలు ఇంజను గాలి పీల్చే గొట్టంలో వాక్యూం వుంటుంది. బ్రేకు బూస్టరు వున్న బండ్లలో అది దానితోనే పనిచేస్తుంది. డీజిలు ఇంజనులో ఆ వాక్యూం రాదు, దానికి వేరే పంపు పెట్టాలి. పంపు మరిచి బూస్టరు మాత్రం వుంచితే, పెడలు రాయిలా గట్టిపడుతుంది. కొన్ని పాత జీపుల్లో వైపర్లు కూడా వాక్యూంతో ఆడేవే. పై సంఘం బండికి ఇంజను మార్చిన రోజు నుండి వైపరు ఆడలేదు, అది ఎందుకో వానాకాలం దాకా ఎవరికీ అర్థం కాలేదు.

చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా ఆర్.సి.లోని వివరాలు మారేటట్టు బండిని యజమాని మార్చకూడదు. ఇంజను మార్పిడికి రిజిస్టరింగ్ అధికారి అనుమతి కావాలి, చేసిన మార్పును 14 రోజుల్లో తెలిపి ఆర్.సి.లో ఎక్కించుకోవాలి. 2019లో సుప్రీం కోర్టు కూడా తయారీదారు ఇచ్చిన అసలు నమూనాను మార్చరాదనే చెప్పింది. అదే సంవత్సరపు సవరణతో, ఇటువంటి మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. బండి సంఘం పేరున వుంటే యజమాని సంఘమే. ఎఫ్.సి.కి తీసుకువెళ్లినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసే ఇంజను నంబరు, ఆర్.సి.లోని నంబరు ఒకటి కాకపోతే బండి అక్కడే ఆగుతుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ కూడా ముందు అదే చూస్తుంది. కనుక ముందు కార్యాలయంలో అడిగి, అనుమతి కాగితం చేతికి వచ్చిన తరువాతనే బేరం మాట్లాడవలెను.

చాలా సంఘాల్లో అంత దూరం పోవలసిన పని వుండదు. బండి ఎక్కడం లేదంటే ముందు కంప్రెషన్ చూపించండి, క్లచ్చి జారుతోందేమో, బ్రేకు పట్టివుందేమో, టైర్లలో గాలి వుందేమో చూడండి. అరిగిన ఇంజనుకు బోరు చేయించి వాల్వులు కూర్పిస్తే, 12 మళ్లీ 16 దగ్గరకు వస్తుంది. దానికి ఆర్.సి.లో ఏ అక్షరమూ మారనక్కర లేదు. అప్పటికీ చాలకపోతే, క్యాన్ల లోడు తగ్గించి రెండు దఫాలు వేయవచ్చునా, లేక బండి పది నిముషాలు ముందు బయలుదేరవచ్చునా అని ఆలోచించండి.

మీ బండి యాక్సిల్ నిష్పత్తి ఎంతో కాగితాల్లో లేకపోతే మీరే కొలుచుకోవచ్చు. చదును నేల మీద ముందు చక్రాలకు అటు ఇటు రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్‌లో వుంచి, హ్యాండ్ బ్రేకు వదలండి. వెనక చక్రం ఒక్కటే జాకీతో ఎత్తి, కింద దిమ్మె పెట్టండి. జాకీని నమ్మి బండి కిందికి దూరవద్దు. చక్రం మీద, ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దతో ఒక్కొక్క గీత గీయండి. చక్రాన్ని చేత్తో సరిగా 20 చుట్లు తిప్పుతూ, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో ఇంకొకరు లెక్కపెట్టాలి. రెండో చక్రం నేల మీద ఆగివుంది కాబట్టి, ఈ 20 చుట్లు పది చుట్లతో సమానం. షాఫ్టు 54కు పావు చుట్టు తక్కువ తిరిగితే మీది 5.38, 49కి పావు చుట్టు తక్కువ తిరిగితే 4.88. నాలుగు చక్రాల డ్రైవు బండి అయితే, రాళ్లు వెనక చక్రాలకు మార్చి, డ్రైవు తీసివుంచి, ముందు యాక్సిల్‌కు కూడా ఇదే చేయండి. రెండు అంకెలూ బండి లాగ్ పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టండి. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు రసీదుల కంటే ముందు ఆ పేజీయే అడుగుతాము.