ఒక రాత్రి విద్యుత్తు – జమాఖర్చు

మంచము, వంటపొయ్యి, స్నానపుగది అమర్చిన మోటారు వాహనాలలో దేశాటనం చేయువారు అమెరికాలో అనేకులు. ఈ వాహనాలను ఆర్.వి.లు అంటారు. అద్దె విడుదులలో వీటికి విద్యుత్తు, నీరు అందించే కనెక్షన్లు లభిస్తాయి. అట్టి సౌకర్యాలు లేనిచోట రాత్రి గడవడానికి వాహనంలోని 12 వోల్టుల బ్యాటరీయే ఆధారం. అరిజోనా రాష్ట్రంలో క్వార్ట్జ్‌సైట్ పట్టణం చుట్టునున్న ఎడారిలో ప్రతి శీతకాలం వేలాదిమంది ఈ విధంగా విడిది చేస్తారు. పగలు ఎండ కాసినా, రాత్రి చలి ఒక్కొక్కప్పుడు సున్నా డిగ్రీలకు సమీపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. వాహనాన్ని వెచ్చబరచే కొలిమి ప్రొపేన్ వాయువుతో మండుతుంది. కాని ఆ వేడిని గదిలోనికి నెట్టే పంకా బ్యాటరీతో తిరుగుతుంది. పంకా ఆగితే కొలిమి కూడా ఆగుతుంది. గ్యాసు నిండుగా ఉన్నా బ్యాటరీ ఖాళీ అయితే చలి తప్పదు.

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే నిర్మించాడు. విద్యుత్తును వాడుకొనేకొద్దీ దాని పలకలపై సీసపు సల్ఫేటు ఏర్పడి, ఆమ్లం పలుచబడుతుంది. వెంటనే తిరిగి చార్జి చేయకపోతే ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారి బ్యాటరీని చెరుపుతుంది. అందుచేత 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో సగం, అనగా 50 మాత్రమే వాడుట వివేకం. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలో 80 వరకు వాడవచ్చు. కాని సున్నా డిగ్రీలకు దిగువన దానిని చార్జి చేయరాదు.

ఇక ఖర్చు చూద్దాం.

కొలిమి పంకా: 7 ఆంపియర్లు, పది గంటల రాత్రిలో సగం కాలం తిరిగితే 35 ఆంపియర్-గంటలు.
ఎల్.ఇ.డి. దీపాలు: 1 ఆంపియరు, 4 గంటలు – 4.
నీటి పంపు, కొద్ది నిమిషాలు – 1.
గ్యాసు హెచ్చరిక పరికరం మొదలైనవి: అర ఆంపియరు, 12 గంటలు – 6.

మొత్తం 46. జమ 50 కనుక చాలునని తోచవచ్చు. కాని సున్నా డిగ్రీల వద్ద సీసపు బ్యాటరీ శక్తి సుమారు 80 శాతానికి తగ్గుతుంది. అప్పుడు మన జమ 40 మాత్రమే, 6 లోటు. పైగా 900 వాట్ల కాఫీ యంత్రాన్ని ఇన్వర్టరుపై పది నిమిషాలు నడిపితే మరి 14 ఖర్చు. దీపాలన్నిటికి అయిన ఖర్చుకు ఇది మూడు రెట్లకు మించినది!

లోటును పూడ్చే మార్గం సులభం. కాఫీ గ్యాసు పొయ్యిపై కాచుకొని, కొలిమి ఉష్ణోగ్రతను తగ్గించి మరొక దుప్పటి కప్పుకొంటే చాలు. పంకా మూడవ వంతు కాలమే తిరిగితే దాని ఖర్చు 23కు దిగి, మొత్తం 34 అవుతుంది.

పరికరాలన్నీ ఆపి, కొంతసేపు విశ్రాంతినిచ్చి వోల్టుమీటరుతో కొలిస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టులకు పైగా, సగం ఖాళీ అయినది సుమారు 12.1 వోల్టులు చూపుతుంది. ఉదయం జనరేటరును నడిపి తొలి భాగం నింపి, నెమ్మదిగా నిండే చివరి భాగాన్ని సౌరఫలకానికి విడుచుట మేలు.

పంకా ఆగిందని కిటికీలు మూసి వంటపొయ్యి వెలిగించుకొనుట ప్రాణాపాయం. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీయగలదు. చాలా వాహనాలలో దానిని పసిగట్టే హెచ్చరిక పరికరానికి కూడా ఆ బ్యాటరీయే ఆధారమని మరువరాదు.

విద్యార్థులారా! కరెంటు పోయినప్పుడు మన ఇళ్లలో వెలిగే ఇన్వర్టరు దీపానికి కూడా ఈ లెక్కయే వర్తిస్తుంది. పరికరంపై వ్రాసిన వాట్లను 12తో భాగించి, గంటలతో గుణించండి. చీకటి పడకముందే చేసుకొన్న లెక్క తెల్లవారేదాకా కాపాడుతుంది.