రోజుకు మూడు డైవులు, ఒక అల్గారిథం

డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో లింక్డ్ లిస్టులు రాసి రాసి అందరం విసిగిపోయి ఉన్నాం. అందుకే ఈసారి మనుషుల ప్రాణాలు ఆధారపడే ఒక చిన్న ప్రోగ్రామ్ గురించి చెప్తాను. అది స్కూబా డైవర్లు వాచీలా చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్‌లో ఉంటుంది. నాకు డైవింగ్ రాదు, ఊరి చెరువులో ఈత వరకే. కానీ ఈ లెక్క అర్థం కావడానికి నీళ్ళలో దిగక్కర్లేదు.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే కోకోస్ దీవిని చూడాలి. అది పసిఫిక్ మహాసముద్రంలో, కోస్టారికా తీరానికి దాదాపు 550 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1997 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. పార్కు రేంజర్లు తప్ప అక్కడ ఎవరూ కాపురం ఉండరు. హోటల్ లేదు, విమానాశ్రయం లేదు. అందుకని లివ్‌అబోర్డ్ అనే బోటులో వెళ్తారు. తిండి, నిద్ర, డైవింగ్ అన్నీ వారం పాటు ఆ బోటు మీదే. పుంతారెనాస్ రేవు నుంచి దీవికి చేరడానికే ముప్పై గంటల పైన పడుతుంది. అంత కష్టం ఎందుకంటే హామర్‌హెడ్ సొరచేపల కోసం. సుత్తి లాంటి తల ఉన్న ఈ చేపలు గుంపులుగా రాతి గుట్టల దగ్గరికి వస్తే, చిన్న చేపలు వాటి ఒంటి మీది పురుగుల్ని తినేస్తాయి. బుడగల శబ్దానికి అవి బెదురుతాయి కాబట్టి డైవర్లు రాళ్ళ మధ్య కదలకుండా కూర్చుని ఎదురుచూస్తారు. లక్షలు ఖర్చుపెట్టి వచ్చాక "ఇంకో ఐదు నిమిషాలు ఉందాం" అనిపించదా మరి? రోజుకు మూడేసి డైవులు, వారమంతా.

ఇక్కడే నైట్రోజన్ లెక్క మొదలవుతుంది. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకూ పీడనం ఒక అట్మాస్ఫియర్ పెరుగుతుంది. 20 మీటర్ల దగ్గర పైన ఉన్నదానికి మూడు రెట్లు. అంత పీడనంలో గాలి పీలిస్తే అందులోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతూ పోతుంది. మెల్లగా పైకొస్తే మెల్లగా బయటికి పోతుంది. తొందరపడితే గోలీసోడా కొట్టినట్టే, బుడగలు. కీళ్ళలో అయితే నొప్పి, వెన్నుపాములో అయితే పక్షవాతం. దీన్నే డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు. కోకోస్‌లో ఇది వస్తే ఆసుపత్రికి చేరాలంటే ఆ సముద్రమంతా మళ్ళీ దాటాలి.

దీనికి మొదటి పద్ధతైన లెక్క ఇచ్చింది బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్. మేకల్ని పీడన గదుల్లో పెట్టి ప్రయోగాలు చేసి, 1908లో ఫలితాలు ప్రచురించాడు. ఆయన కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్ కూడా తన ఒంటి మీదే ఇలాంటి ప్రయోగాలు చేసుకున్నాడు. తర్వాత భారత పౌరుడై 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. తన శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు! ఇది చదివాక నేను కాసేపు అలాగే ఉండిపోయాను.

హాల్డేన్ ఊహ ఏమిటంటే, ఒంటిని కొన్ని గదులుగా అనుకోవడం. ఒక్కో గదికి ఒక్కో అర్ధజీవిత కాలం (ఈ మాట మా తెలుగు మీడియం రూమ్‌మేట్ చెప్పాడు, నాకు హాఫ్ లైఫ్ అనే తెలుసు). అంత సమయం గడిస్తే లోపలికీ బయటికీ ఉన్న తేడాలో సగం తగ్గుతుంది. హాల్డేన్ ఐదు గదులు పెట్టాడు. తర్వాత స్విట్జర్లాండ్ డాక్టర్ బ్యూల్‌మన్ 16 పెట్టాడు, 4 నిమిషాల గది నుంచి 635 నిమిషాల గది వరకు. ఇప్పటి డైవ్ కంప్యూటర్లలో చాలావాటికి ఆధారం ఇదే.

నేను పైథాన్‌లో ఇరవై లైన్లు రాసి చూశాను. 20 మీటర్ల లోతు, 40 నిమిషాల డైవ్, మధ్యలో రెండేసి గంటల విరామం, రోజుకు మూడు డైవులు. 4 నిమిషాల గది మొదటి డైవ్‌లోనే పూర్తిగా నిండి, విరామంలో పూర్తిగా ఖాళీ అయిపోయింది. దాని గురించి బెంగ లేదు. 635 నిమిషాల గది మొదటి డైవ్‌లో 4 శాతమే నిండింది. కానీ మూడో డైవ్ అయ్యేసరికి 11 శాతం. రాత్రంతా పడుకుని లేచినా అందులో మూడో వంతు దాకా మిగిలే ఉంది. మూడు నాలుగు రోజులయ్యాక ప్రతి ఉదయం ఆ గదిలో, అప్పటికే ఒక డైవ్ చేసొచ్చినంత నైట్రోజన్ ఉంటోంది. మీరింకా టిఫిన్ కూడా తినలేదు! ఆరో రోజు డైవ్, మొదటి రోజు డైవ్ ఒకటి కావు అని పాత డైవర్లు ఎందుకంటారో నాకు అప్పుడు తెలిసింది.

మన భాషలో చెప్పాలంటే ఈ ప్రోగ్రామ్‌కి స్టేట్ ఉంటుంది. కాబట్టి వాచీ మార్చుకోకూడదు. మీ కంప్యూటర్ పాడైతే ఆ ఉదయం డైవ్ చేయని స్నేహితుడి దాన్ని కట్టుకుని దిగారనుకోండి, అది అతని లెక్క చెప్తుంది, మీ ఒంట్లో ఉన్నది మీది. కొత్తది కట్టుకున్నా అంతే, దాని దృష్టిలో మీరు ఇప్పుడే పుట్టారు.

ఇంకో సంగతి నాకు మరీ ముఖ్యం అనిపించింది. ఈ కంప్యూటర్ మీ రక్తాన్ని కొలవదు. దానికి తెలిసింది లోతు, సమయం, అంతే. మీకు నిన్న సముద్రపు కుదుపులకి వాంతులై ఒంట్లో నీరు తగ్గిందని దానికి తెలీదు. నిద్ర లేదని తెలీదు, వయసు తెలీదు. తెర మీద "ఇంకా 7 నిమిషాలు" అని కనిపిస్తే అది సగటు మనిషి మీద వేసిన అంచనా. అందుకే జాగ్రత్తపరులు ఆ 7ని 0 అయ్యేదాకా వాడరు, పైకొచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగుతారు.

నైట్రోజన్ తగ్గించిన నైట్రాక్స్ గాలి కూడా ఉంది, ఆక్సిజన్ 32 శాతం. దానితో 33 మీటర్లు దాటితే ఆక్సిజనే విషమయ్యే ప్రమాదం, కాబట్టి అదీ ఉచితంగా రాదు.

చివరిగా విమానం. క్యాబిన్‌లో పీడనం నేల మీదకన్నా తక్కువ, మళ్ళీ గోలీసోడా కథే. వరసగా చాలా డైవులు చేసినవాళ్ళు విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలని నియమం. కోకోస్ నుంచి తిరిగి వచ్చే ప్రయాణమే ముప్పై గంటలు దాటుతుంది కాబట్టి అక్కడ ఆ లెక్క సముద్రమే చూసుకుంటుంది. బోటు ఎయిర్‌పోర్టు పక్కనే దింపే చోట్ల మాత్రం చివరి రోజు డైవ్ మానేసి డెక్ మీద కూర్చోవాల్సిందే.