కొట్టిన కలపను కోతమిల్లునకు చేర్చుట

టేకు చెట్టు కోతకు వచ్చుటకు ఇరువది యేండ్లకు పైగా పట్టును. దానిని నేలగూల్చుటకు ఒక పూట చాలును. అయితే రైతు చేతికి వచ్చెడి సొమ్ము, కూలిన మాను పొలమునుండి మెదకు పట్టణములోని కోతమిల్లునకు ఏ విధముగ చేరినదను దానిని బట్టియే చాలవరకు నిర్ణయమగుచున్నది. చెలక గట్లపై పది పదునైదు చెట్లు గల చిన్నరైతు వానిని నిలిచియున్నట్లుగనే గుత్తకు అమ్మివేయుట మన గ్రామములలో పరిపాటి. ధర తక్కువని ఎరుగక అతడు అమ్ముటలేదు. అనుమతి ఎవరు తేవలెను, బండి ఎవరు కుదుర్చవలెను, దారిలో ఎవరైన ఆపినచో ఏమి చూపవలెనను దిగులే అతనిచే అమ్మించుచున్నది. ఈ విషయములు పంచాయతీ సభ్యులకు తెలిసియున్నచో ఆ దిగులులో ఎక్కువ భాగమును తీర్చవచ్చును.

మొదట కాగితముల సంగతి. పట్టాభూమిలోని చెట్టయినను ఇష్టము వచ్చినపుడు కొట్టుటకు వీలులేదు. ప్రజలు వాల్టా అని పిలుచు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము ముందుగా అనుమతి పొందవలెను. కొట్టిన కలపను ఊరు దాటించుటకు కావలసినది వేరొక అనుమతి. 1967 నాటి అటవీ చట్టము క్రింద 1970లో చేసిన రవాణా నిబంధనలు దీనికి ఆధారము. ఈ రెండును ఒకటేయని తలచి, మొదటి కాగితముతోనే బండి తోలి, దారిలో కలపను పోగొట్టుకొను ప్రమాదము కలదు. కొన్ని జాతుల చెట్లకు మినహాయింపులున్నవి. కాని ఆ పట్టికలు అప్పుడప్పుడు మారుచుండును గనుక గొడ్డలి పట్టుటకు ముందే అటవీ రేంజి కార్యాలయములో విచారించుట మేలు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినవి గనుక పూర్వపు మెదకు జిల్లాలోనివైనను నేడు సిద్దిపేట, సంగారెడ్డి జిల్లాలలో చేరిన గ్రామములవారు తమ జిల్లా అధికారులనే ఆశ్రయించవలెను. కోతమిల్లులకు గూడ 1969 నుండి ప్రత్యేక నిబంధనలున్నవి. లైసెన్సు గల మిల్లు యజమాని వచ్చిన కలపకు లెక్క చూపవలసినవాడే గనుక, కాగితము లేని దుంగను తీసుకొనుటకు జంకును. తీసుకొన్నచో ఆ జంకునకు ధర తగ్గించును. ఇక పోచారము అభయారణ్యము 1952లోనే ఏర్పడినది. దాని అంచున గల గ్రామములవారు తమ చెట్టు పట్టాలోనిదని సరిహద్దు చూపి నిరూపించుకొనవలసియుండును.

రవాణా అనుమతికి గడువుండును. కనుక చెట్టు కొట్టిన మరునాడే దానికై తొందరపడరాదు. దుంగలు తరిగి, కొలిచి, గుర్తులు వేసి, బండి కుదిరిన పిమ్మట అనుమతి తీసుకొన్నచో గడువులోపల సరకు చేరును. ఈ వరుస తప్పినచోటనే రైతునకు నష్టము కలుగుటను మేము ఎక్కువగా చూచుచున్నాము.

కొలత సంగతి కొంత వివరముగ చెప్పవలసియున్నది. మన మిల్లులలో దుంగను పాతిక చుట్టుకొలత లెక్కన కొలుతురు. నడిమి చుట్టుకొలతను నాలుగింట భాగించి, వచ్చినదానిని దానితోనే హెచ్చించి, పొడవుతో మరల హెచ్చించెదరు. నాలుగడుగుల చుట్టుకొలత, పదియడుగుల పొడవు గల దుంగకు పది ఘనపుటడుగులు వచ్చును. నిజముగ ఆ గుండ్రని దుంగలోని కలప 12.7 ఘనపుటడుగులు. అనగా నూటికి ఇరువదియొక్క వంతులు లెక్కలోనికి రాలేదు. ఇది మోసము కాదు. కోతలో పోవు చెక్కలకు, పొట్టునకు ముందుగనే విడిచిన లెక్క. అయితే ఈ విధముగ కొలిచిన పిమ్మట ‘కోత తరుగు’ అని మరికొంత తగ్గించువాడు ఒకే తరుగును రెండుమారులు తీసుకొనుచున్నాడని గ్రహింపవలెను. టేపును రెండంగుళములు బిగించి, నాలుగడుగులను మూడడుగుల పదియంగుళములుగ చదివినచో పది ఘనపుటడుగులు 9.2 అగును. కనుక బెరడుతో కొలుతురా, బెరడు తీసి కొలుతురా అను సంగతిని ముందే తేల్చుకొని, పొలములోనే ఇద్దరి యెదుట కొలిచి, ప్రతి దుంగ కొసపై సంఖ్య వేసి, పట్టికను రెండు ప్రతులు వ్రాసుకొనవలెను. చదువు వచ్చిన వార్డు సభ్యుడొకడు ఆ పూట దగ్గర నిలిచినచో చాలును.

లెక్కకు రాని ఆ కలపకు గూడ బరువున్నది. పైన చెప్పిన దుంగ పచ్చిదైనచో సుమారు 360 కిలోలు తూగును. మూడు టన్నులకు అనుమతి గల ట్రాలీలో ఎనిమిది దుంగలే పట్టును. మిల్లు లెక్కలో అది ఎనుబది ఘనపుటడుగులు. కిరాయి నాలుగువేల రూపాయలనుకొన్నచో ఘనపుటడుగునకు ఏబది రూపాయలు పడును. నాలుగు దుంగలకే బండి కట్టినచో నూరు రూపాయలు. ఇందువలన ఇరుగు పొరుగు రైతులు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకేమారు బండి కట్టుట లాభము. కాని ఎవరి దుంగలకు వారి అనుమతి, వారి గుర్తు వేరుగ నుండవలెను.

బరువు తగ్గించుటకు ఆరబెట్టుట మరియొక ఉపాయము. పచ్చి టేకు నీటిలో సరిగా తేలదు. అందుచేతనే బర్మాలో పూర్వము చెట్టు మొదట చుట్టును గంటు పెట్టి, రెండు మూడేండ్లు నిలువుననే ఎండనిచ్చి, ఆ పిమ్మట కొట్టి నదులలో వదలెడివారు. మన గోదావరిపై గూడ భద్రాచలము ప్రాంతమునుండి రాజమహేంద్రవరమునకు కలప తెప్పలుగ సాగినది. మంజీరకు ఏడాది పొడవున అట్టి నీరు లేదు. మన కలపకు చక్రములే దిక్కు. పూర్తిగ ఆరిన టేకు దుంగ పచ్చిదానిలో మూడింట రెండు వంతులే తూగును. ఆ స్థితికి వచ్చుటకు చాలకాలము పట్టును గాని, క్రింద మొద్దులు వేసి, నేల తగులకుండ, నీడలో కొన్ని వారములుంచినను కొంత బరువు తగ్గును. కొసలు పగులకుండ పేడ, మట్టి కలిపి మెత్తుట పెద్దలెరిగిన పద్ధతియే. ఏ పొడవున తరుగవలెనో మిల్లువానిని ముందే అడుగవలెను. ద్వారబంధమునకు పనికివచ్చు దుంగను అర్ధ అడుగు తక్కువగ తరిగినచో అది చిన్న చెక్కల ధరకే పోవును.

పొలమునుండి బాటవరకు గల కొద్ది దూరమే అన్నిటికంటె కష్టమైనది. దుంగను నేలపై ఈడ్చినచో ఎడ్లు అలయును, వానకాలమున రేగడినేలలో కాలువ పడును. ముందుకొసను జంటచక్రముల ఇరుసుపై ఎత్తి కట్టి, వెనుకకొస మాత్రము నేలకు తగులునట్లు లాగినచో పని తేలికయగును. కోతలు ముగిసి, నేల గట్టిపడిన వేసవి దీనికి అనువైన కాలము. దుంగలన్నియు బండి తిరుగగల ఒక్కచోట చేరవలెను. పంచాయతీ అట్టి జాగాను చూపినచో గట్లు తెగవు, తగాదాలు రావు.

ఎత్తునపుడు మనుష్యుల ప్రాణములను మరువరాదు. చక్రములకు అడ్డురాళ్ళు పెట్టి, రెండు గట్టి వాసములను ఏటవాలుగ ఆనించి, మోకులతో పైనుండి లాగవలెను. దొర్లెడి దుంగకు దిగువన ఎవరును నిలువరాదు. భుజముతో ఆపెదనను యువకుని వెంటనే తప్పించవలెను. బరువైనవి అడుగున వేసి, రెండుచోట్ల గొలుసు బిగించి, ఒక క్రోశెడు దూరము పోయిన పిమ్మట మరల చూచుకొనవలెను. మితిమీరిన బరువునకు 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము ఇరువదివేల రూపాయలు, అదనపు టన్నొక్కింటికి మరి రెండువేలు జరిమానా. బండి దాటి పొడుచుకొని వచ్చిన దుంగలకును జరిమానా కలదు. వ్యవసాయమునకై నమోదైన ట్రాక్టరును కిరాయికి తోలుట గూడ చిక్కులు తెచ్చును. 2022 సెప్టెంబరులో అక్కన్నపేట నుండి మెదకునకు రైలు వచ్చినది, సంతోషమే. కాని ఒక ట్రాలీ కలపకు రైలువలన ప్రయోజనము లేదు, ఎత్తుడు దింపుడు కూలి రెట్టింపగును. రాష్ట్రము దాటింపదలచినవారు మాత్రము 2023 డిసెంబరులో కేంద్రము ప్రారంభించిన జాతీయ రవాణా అనుమతి విధానమును గూర్చి రేంజి కార్యాలయములో అడుగవలెను.

చివరకు పంచాయతీకి చెందిన చెట్లు. గాలివానకు కూలిన తుమ్మ, వేప మాకులను వేలము వేయునపుడు ధరను మాత్రమే చూచుట వాడుకయైనది. పాటదారుడు ఏ బాటన తోలవలెను, ఎన్ని దినములలో తీయవలెను అను షరతులను వేలము ప్రకటనలోనే వ్రాయవలెను. బాటకు, తూములకు కలుగు నష్టమునకై కొంత ధరావతు కట్టించుకొని, కలప పోయిన మరునాడు ఇద్దరు సభ్యులు ఆ దారి వెంట నడచి చూచి, తూములు చెక్కుచెదరలేదని వ్రాసి యిచ్చిన పిమ్మటనే దానిని తిరిగి చెల్లించవలెను.