దురద మనకూ, మన కుక్కకూ – కారణం తెలిస్తేనే నివారణ



దురదతో మా ఆసుపత్రికి వచ్చేవారిలో చాలామంది అప్పటికే మందుల షాపులో అడిగి ఒక ట్యూబు కొని రాసుకొని వస్తుంటారు. "రాస్తే తగ్గుతుంది సిస్టర్, మానేస్తే మళ్లీ వస్తుంది" అంటారు. ఇంట్లో కుక్క కూడా గోక్కుంటే అదే అంటించిందని వీధిలోకి తోలేస్తారు. దురద ఒక లక్షణం మాత్రమే. కారణం కనుక్కోవడమే ముఖ్యం.

మనుషుల్లో సాధారణ కారణాలు

1. సబ్బు పొడి, బట్టల సోడా, ఫినాయిల్: ఎక్కువసేపు తగిలితే ఎవరి చేతులైనా మంటపుట్టి పగులుతాయి. ఇది అలర్జీ కాదు, ఒరిపిడి.
2. నికెల్ లోహం: రోల్డ్‌గోల్డ్ కమ్మలు, గొలుసులు, వాచీ, ప్యాంటు బొత్తాం తగిలినచోట దురద వస్తుంది.
3. తలకు వేసే రంగు: నుదుటిపైన, చెవుల వెనుక ఎర్రబడి రసి కారుతుంది.
4. వయ్యారిభామ మొక్క: పొలం పనివారికి ముఖం, మెడ, మోచేతి మడతల్లో వస్తుంది.

అలర్జీ ఒకరి నుండి ఒకరికి అంటుకోదు. గజ్జి అంటుకుంటుంది. రాత్రిపూట దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో, మణికట్టు, నడుము దగ్గర పొక్కులు ఉండి, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటే గజ్జి అని అనుమానించాలి. డాక్టరు సలహాపై పెర్మెత్రిన్ 5 శాతం క్రీమును మెడ నుండి అరికాళ్ల వరకు రాసి, 8 నుండి 12 గంటల తర్వాత స్నానం చేయాలి. వారం తర్వాత మరోసారి రాయాలి. దురద లేనివారితో సహా ఇంటిల్లిపాదీ ఒకే రోజు రాసుకోవాలి. పక్కబట్టలు వేడినీటిలో ఉతకాలి. తర్వాత కూడా రెండు మూడు వారాలు దురద ఉండవచ్చు. భయపడనక్కరలేదు.

కుక్కల్లో

బొచ్చులో దూకుతూ తిరిగే చిన్న పురుగులు కుట్టినప్పుడు వాటి లాలాజలం పడక తోక మొదట్లో బొచ్చు ఊడుతుంది. ఇంటి దుమ్ము, పుప్పొడి, కొన్నిటికి కోడిమాంసం, పాలు వంటి ఆహారం కూడా పడవు. అప్పుడు పాదాలు నాకుతూ ఉంటుంది. ఈ అలర్జీలు కుక్క నుండి మనకు అంటుకోవు.

చెవుల అంచులు, మోచేతుల దగ్గర బొచ్చు ఊడి పొక్కు కడితే అది కుక్క గజ్జి కావచ్చు. ఎత్తుకున్నవారి చేతులపై, పొట్టపై ఎర్రని పొక్కులు రావచ్చు. కానీ ఆ పురుగు మన చర్మంలో వృద్ధి చెందలేదు. కుక్కకు పశువుల డాక్టరుతో వైద్యం చేయిస్తే మనకూ తగ్గుతుంది. గుండ్రని తామర మాత్రం కుక్క నుండి మనకు నిజంగా అంటుకుంటుంది. పిల్లలను దూరంగా ఉంచండి.

చేయకూడనివి

• బెటామెథాసోన్, క్లోబెటాసోల్ వంటి స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు సొంతంగా వాడవద్దు. చర్మం పలచబడుతుంది. తామర ఉంటే పైకి తగ్గినట్టు కనిపించి మరింత పాకుతుంది.
• కుక్కకు కిరోసిన్, ఫినాయిల్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయవద్దు. నాకితే విషమవుతుంది.
• మన మందు కుక్కకు, కుక్క మందు మనకు వాడవద్దు.

దద్దుర్లతో పాటు పెదవులు, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి.

వచ్చేటప్పుడు మీరు వాడిన ట్యూబు, సబ్బు కవరు, అనుమానమున్న నగ వెంట తెండి. కారణం పట్టుకోవడానికి అవే మాకు సాయం. దేవుడు మీ కుటుంబాలకు ఆరోగ్యమును అనుగ్రహించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్