పాత కారు – క్రొత్త కారు

కనిగిరిలో పొదిలికి పోవు రోడ్డు ప్రక్కన నొక మరమ్మతుల కొట్టము కలదు. అచట వేపచెట్టు నీడను ఒక పాత అంబాసిడరు కారు నిలిచియుండును. దాని చెంతకు క్రొత్త కారు వచ్చినప్పుడెల్ల, అంబాసిడరును ముప్పదియేండ్లు నడిపిన ముసలి డ్రైవరొకడు లేచివచ్చి, రెండింటి తలుపులను వ్రేళ్ల కణుపులతో తట్టి చూపును. పాతది ‘ధన్’ మనును. క్రొత్తది ‘టప్’ మనును. “వింటిరా అయ్యా! అది ఇనుము, ఇది రేకు” అనుట ఆతనికి పరిపాటి. చుట్టునున్నవారు తలలూపుదురు.

ఆ మాటలో సత్యమెంతయో చూతము.

అంబాసిడరు ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు ననుసరించి నిర్మింపబడినది. కలకత్తా సమీపమున ఉత్తరపాడాలో, హుగ్లీ యొడ్డున, 1957 మొదలు 2014 వరకు అది తయారైనది. దాని బరువు సుమారు 1,100 కిలోలు. 1983లో వచ్చిన మారుతి 800 బరువు అందులో మూడింట రెండు వంతులైనను లేదు. అంబాసిడరు వెనుక చక్రములపై కమాను కట్టలుండుటచే గతుకుల బాటలందు అది బెదరక సాగెడిది. సొట్టపడిన రేకును సుత్తితో సరిచేయుట ఏ పల్లెటూరి మేస్త్రీకైనను చేతనయ్యెడిది. నేటి కారులో ఇంజనును కంప్యూటరు అదుపు చేయును. రోగమేమో తెలిసికొనుటకే మరియొక యంత్రమును తగిలింపవలెను. ముసలివాని ఫిర్యాదులో ఈ భాగము నిక్కమే.

కాని ప్రాణముల మాట వచ్చినప్పుడు లెక్క తారుమారగును. 2009లో అమెరికా దేశమున ఒక భద్రతా పరిశోధన సంస్థవారు 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్ కారును, 2009 నాటి షెవర్లే మాలిబు కారును గంటకు 64 కిలోమీటర్ల వేగమున ఎదురెదురుగా ఢీకొట్టించిరి. లోపల మనుష్యులకు బదులు బొమ్మలను కూర్చుండబెట్టిరి. పాత కారులో డ్రైవరు కూర్చుండు చోటే నలిగిపోయెను. అందు మనిషియే యున్నచో బ్రదుకుట దుర్లభము. క్రొత్త కారు ముక్కు నుగ్గయ్యెను గాని, లోపలి గది చెక్కుచెదరలేదు. ఆ డ్రైవరుకు కాలికి స్వల్పగాయమే.

ఇది ఎట్లు సంభవించెను? గడ్డివామిపై దూకినవాడు నవ్వుచు లేచును. అంత ఎత్తునుండియే బండరాతిపై దూకినవాడు లేవడు. వామి అణగుచు దెబ్బను తాను మ్రింగును. కారు ముందుభాగమును అట్లే నలుగునట్లు చేసి, మనుష్యులుండు గదిని మాత్రము గట్టిగా నుంచవలెనని బేలా బరేనీ అను ఇంజనీరు తలచి, 1951లో మెర్సిడెస్ సంస్థ పక్షమున పేటెంటు కోరెను. కావున రేకు నలుగుట లోపము కాదు, ఏర్పాటు.

అట్లని క్రొత్తదెల్ల మేలైనదని భ్రమింపరాదు. 2014లో మన దేశమున అమ్ముడగు ఐదు చిన్న కార్లను ఇట్లే ఢీకొట్టించి పరీక్షింపగా, పెద్దలకు కలుగు రక్షణలో ఒక్కదానికిని ఒక్క నక్షత్రమైనను రాలేదు. వానిలో గాలిసంచులు లేవు. 2019 జూలై నుండి డ్రైవరు ముందు గాలిసంచి తప్పనిసరియైనది. 2023 అక్టోబరులో మన దేశపు పరీక్షయే, భారత్ ఎన్‌క్యాప్ అనుపేర, మొదలైనది. తలుపును తట్టి ఈ సంగతులను తెలిసికొనుట ఎవ్వరి తరము?

ఇక నడుపుట. అంబాసిడరు స్టీరింగును త్రిప్పుటకు భుజబలము కావలెను. రోడ్డు మీది ప్రతి గులకరాయియు అరచేతికి తెలియును. వేగము హెచ్చినకొలది తలుపులు గడగడలాడి, ఇంజను రొదచేసి, “చాలు, చాలు” అని హెచ్చరించును. క్రొత్త కారు స్టీరింగు ఒక వ్రేలికే తిరుగును. అద్దములెత్తినచో నూరు కిలోమీటర్ల వేగముకూడ తెలియదు. ఈ నిశ్శబ్దమే నాకు భయము గొలుపును. కుర్రవాండ్రు వేగమును చెవితో గ్రహింపలేక ముల్లును చూడక పోవుచుందురు.

ఒక వేసవిలో కొట్టము యజమాని ముసలివానిని బలవంతముగా క్రొత్త కారులో కూర్చుండబెట్టి, నడుపుమనెను. ఆతడు మొదట నడుము పట్టీ వలదని గునిసి, పిదప కట్టుకొనెను. బండి కదలెను. గేరు మార్చుటకై ఆతని ఎడమచేయి, ఏండ్ల అలవాటు చొప్పున, స్టీరింగు ప్రక్కనున్న కాడను పట్టి లాగెను. చినుకు జాడలేని ఆ కనిగిరి యెండలో, అద్దముపై వైపర్లు రెండును టకటక ఆడసాగెను.