హాఫ్‌టైమ్‌కి ముందు మూడు పాయింట్లా, ఏడా?

టెస్ట్ మ్యాచ్‌లో సాయంత్రం చివరి ఓవర్లు ఆడే బ్యాట్స్‌మన్‌కి ఒక ప్రశ్న ఉంటుంది కదా, వికెట్ కాపాడుకోవాలా, ఇంకో నాలుగు పరుగులు లాగాలా అని. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఫస్ట్ హాఫ్ చివరి రెండు నిమిషాలు కోచ్‌కి అచ్చం అదే తలనొప్పి.

రూల్స్ కొంచెం చెప్పుకుందాం. బంతి ఉన్న టీమ్‌కి పది గజాలు ముందుకెళ్ళడానికి నాలుగు ప్రయత్నాలు. ఎండ్ జోన్‌లోకి చేరితే టచ్‌డౌన్, 6 పాయింట్లు, తర్వాత కిక్‌తో మామూలుగా ఇంకొకటి. అక్కడిదాకా వెళ్ళలేకపోతే గోల్ పోస్టుల మధ్యకి తన్ని 3 తీసుకోవచ్చు. హాఫ్‌కి మూడు టైమౌట్లు, వాడనివి సెకండ్ హాఫ్‌కి రావు. హాఫ్‌టైమ్ అవ్వగానే బంతి ఎక్కడ ఉందన్నది కూడా చెరిగిపోతుంది, ఆట మళ్ళీ కిక్‌ఆఫ్‌తో మొదలు. అందుకే సొంత గోల్ దగ్గర, ముప్పై సెకన్లే ఉండి, టైమౌట్లు లేకపోతే క్వార్టర్‌బ్యాక్ మోకాలు ఆనించి టైమ్ గడిపేస్తాడు. దాన్ని పిరికితనం అనలేం.

అవతలి గోల్ దగ్గర ఉన్నప్పుడే అసలు గొడవ.

2018 ఫిబ్రవరి 4, 52వ సూపర్ బౌల్. ప్యాట్రియాట్స్ మీద ఈగిల్స్ 15-12 ముందంజలో ఉంది. 38 సెకన్లు మిగిలాయి, నాలుగో ప్రయత్నం, గోల్‌కి ఒక్క గజం. కిక్ కొడితే 3 దాదాపు ఖాయం. టచ్‌డౌన్ అయితే 7 అనుకుందాం. మూడుని ఏడుతో భాగిస్తే సుమారు 43 శాతం. సక్సెస్ ఛాన్స్ అంతకంటే ఎక్కువ అనిపిస్తే వెళ్ళడమే లాభం. ఫెయిలైనా ప్యాట్రియాట్స్ బంతిని తమ సొంత గోల్‌కి ఒక గజం దూరంలో తీసుకోవాలి, ఆ కొద్ది సెకన్లలో పెద్దగా చేసేదేం ఉండదు. పైగా సెకండ్ హాఫ్‌లో మొదట బంతి వాళ్ళకే, ఆడించేది టామ్ బ్రేడీ. మూడు పాయింట్లు ఏ మూలకి?

కోచ్ డగ్ పీడర్సన్ వెళ్ళమన్నాడు. బంతి కోరీ క్లెమెంట్ చేతికి, అక్కణ్ణుంచి ట్రే బర్టన్‌కి, అతను విసిరితే పట్టుకున్నది ఎవరనుకున్నారు? క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్! 22-12. చివరికి 41-33తో ఈగిల్స్‌కి మొదటి సూపర్ బౌల్.

ఈ ఒక్కటే చూస్తే దూకుడే కరెక్ట్ అనిపిస్తుంది. 2009 ఫిబ్రవరి 1 కూడా చూడాలి. కార్డినల్స్ 7-10 వెనకబడి ఉంది, గోల్‌కి ఒక గజం, 18 సెకన్లు. పాస్ వేశారు. అందులో తప్పేం లేదు, ఎవరూ పట్టుకోకపోతే గడియారం ఆగుతుంది, ఇంకో ప్రయత్నమో కిక్కో మిగులుతుంది. కానీ స్టీలర్స్ ఆటగాడు జేమ్స్ హ్యారిసన్ ఆ బంతిని మధ్యలో పట్టేసి, 100 గజాలు పరిగెత్తి అవతలి ఎండ్ జోన్‌లో పడ్డాడు. 17-7.

నా మటుకు రెండూ మంచి నిర్ణయాలే. మన 43 శాతం లెక్కలో ఫెయిలైతే సున్నా అని రాసుకున్నాం, నిజానికి అక్కడ మైనస్ ఏడు కూడా ఉండొచ్చు. ఎంతో అరుదు కాబట్టి దాని బరువు తక్కువ. అయినా సూపర్ బౌల్ పది వేల సార్లు రన్ చేసే సిమ్యులేషన్ కాదు కదా, కార్డినల్స్‌కి దొరికింది ఒక్క రన్. ఆ మ్యాచ్ 27-23తో పోయింది. నాలుగు పాయింట్ల తేడా.